పాఠం 9: రొయ్య తలలోని కొవ్వు

9.1 లక్ష్యాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు –
• రొయ్య తన కొవ్వును ఎక్కడ నిల్వ చేస్తుందో చెప్పగలుగుతారు.
• ఆ కొవ్వు ఉపయోగాలను వివరించగలుగుతారు.
• రొయ్య తల త్వరగా పాడవడానికి కారణాలు తెలుపగలుగుతారు.

9.2 పరిచయం
కోల్‌కతా బజారులో 'బాగ్దా చింగ్రి' కొనేవారిలో చాలామంది తల తీసేయనివ్వరు. తలలోని మెత్తని పదార్థమే కూరకు రుచి అంటారు. బాగ్దా చింగ్రి అంటే మన టైగర్ రొయ్యే. సుందర్‌బన్స్ ప్రాంతంలో దీనిని 'భేరీ'లనే ఉప్పునీటి చెరువులలో పెంచుతారు. ఇంతకూ ఆ మెత్తని పదార్థం ఏమిటి?

9.3 కొవ్వు నిల్వ
రొయ్య అకశేరుకం, అంటే వెన్నెముక లేని జీవి. మనకున్నట్లు దానికి చర్మం కింద కొవ్వు పొర ఉండదు. 100 గ్రాముల కండలో కొవ్వు సుమారు 1 గ్రాము మాత్రమే. నిల్వ కొవ్వు ఎక్కువగా తల భాగంలోని హెపటోపాంక్రియాస్ అనే గ్రంథిలో ఉంటుంది. మీరు చూసిన మెత్తని పదార్థం ముఖ్యంగా ఇదే. జీర్ణరసాలను స్రవించడం, జీర్ణమైన ఆహారాన్ని గ్రహించడం, కొవ్వును దాచడం దీని పనులు.

9.4 కొవ్వు వినియోగం
రొయ్య పెరగాలంటే పాత పెంకును విడవాలి. దీనినే కుబుసం విడవడం అంటారు. ఆ సమయంలో అది మేత ముట్టదు. నిల్వ కొవ్వే శక్తినిస్తుంది. ఆడ రొయ్యలో గుడ్లు తయారయ్యేటప్పుడు కొంత కొవ్వు రక్తం ద్వారా అండాశయానికి చేరుతుంది.

కుబుసం విడవడానికి కావలసిన హార్మోను కొలెస్టరాల్ నుంచి తయారవుతుంది. మన శరీరం కొలెస్టరాల్‌ను తయారు చేసుకోగలదు, రొయ్య చేసుకోలేదు. మేత నుంచే పొందాలి. మేతలో అది చాలకపోతే రొయ్యలు సరిగా ఎదగవు, కుబుసం విడిచేటప్పుడు చనిపోవచ్చు. కాబట్టి ధర ఒక్కటే చూసి మేత కొన్న రైతు పంటనే పోగొట్టుకోవచ్చు.

9.5 జాగ్రత్తలు
రొయ్య చనిపోగానే ఆ గ్రంథిలోని జీర్ణరసాలు పక్కనున్న కండను మెత్తబరుస్తాయి. రొయ్య కొవ్వులో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అవి గాలి తగిలితే త్వరగా ముక్కిపోతాయి. అందుచేత పట్టిన వెంటనే ఐసులో పెట్టాలి, లేదా తల తీసేయాలి. నీటిలో కాడ్మియం వంటి లోహాలుంటే అవి కూడా కండలో కంటే ఈ గ్రంథిలోనే ఎక్కువగా చేరతాయి. మురికినీటి రొయ్యల తలలు తినకపోవడం మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. రొయ్యలో కొవ్వు ఎక్కువగా ఎక్కడ నిల్వ ఉంటుంది?
2. రొయ్య మేతలో కొలెస్టరాల్ ఎందుకు ఉండాలి?

జవాబులు
1. తల భాగంలోని హెపటోపాంక్రియాస్‌లో.
2. కుబుసం విడిచే హార్మోనుకు అది అవసరం. రొయ్య దానిని స్వయంగా తయారు చేసుకోలేదు.