జలుబు మందు సీసాపై చదువవలసినది

ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్ వైపు గ్రామములవారు పనులపై ఎల్.బి. నగర్ కూడలిలో బస్సు దిగి, దిల్‌సుఖ్‌నగర్ అంగళ్లలో బట్టలు, పుస్తకములతోపాటు మందులును కొనుక్కొని పోవుచుందురు. అచ్చటి వసతిగృహములో ఉండి చదువుకొను పిల్లవాడు, తనకు గుణమిచ్చిన జలుబు మందునే తాతకు దగ్గు వచ్చినదని విని ఇంటికి పంపును. ప్రేమతో పంపినదే. కాని ఇరువదేండ్ల యువకునికి సరిపడిన మందు రక్తపుపోటుగల తాతకు గాని, మూడేండ్ల చెల్లెలికి గాని సరిపడునని తలపరాదు.

ఇట్టి సీసాలో ఒక మందు కాదు, రెండు మూడు కలిసియుండును. ముక్కుదిబ్బడకై ఫినైల్ ఎఫ్రిన్ లేక సూడో ఎఫిడ్రిన్ కలుపుదురు. ఇవి ముక్కులోపల ఉబ్బిన రక్తనాళములను కుదించును. అయితే వాటి ప్రభావము ముక్కుతో ఆగదు. రక్తపుపోటు పెరుగవచ్చును, గుండెదడ, నిద్రలేమి కలుగవచ్చును. కఫమును పలుచన చేసి వెలికి తెచ్చుటకు గ్వైఫెనిసిన్ కలుపుదురు. దీనిని వాడువారు నీరు బాగుగా త్రాగవలెను. కొన్నిటిలో క్లోర్ ఫెనిరమిన్ కూడ నుండును. అది మత్తు కలిగించును గనుక త్రాగినవారు ట్రాక్టరు నడుపరాదు, మద్యము ముట్టరాదు.

ఇవి యేవియు జలుబును నయము చేయునవి కావు. అది వారము పదిదినములలో తానే తగ్గును. నోటిద్వారా తీసుకొను ఫినైల్ ఎఫ్రిన్ ముక్కుదిబ్బడకు పనిచేయదని 2023లో అమెరికా ఔషధ సంస్థవారి నిపుణుల సంఘము అభిప్రాయపడినది. ఫలము సందేహమైనపుడు అపాయమును మాత్రమేల కొని తెచ్చుకొనవలెను?

రక్తపుపోటు, గుండెజబ్బు, థైరాయిడ్, నీటికాసులు గలవారును, మూత్రము కష్టముగా వచ్చు వృద్ధులును ముక్కుదిబ్బడ మందును వైద్యుని అడుగక వాడరాదు. మందులకు లొంగని క్షయకు లినెజోలిడ్ వాడుచున్నవారి విషయము మరింత ముఖ్యము. రెండును కలిసినచో రక్తపుపోటు హఠాత్తుగా పెరుగవచ్చును. గ్రామములో అట్టి రోగి యెవరో ఆశా కార్యకర్తకు తెలియును.

జ్వరమునకు పారసెటమాల్ మాత్ర మ్రింగి, అదియే కలిసిన జలుబు మందును పైన త్రాగుట తరచు జరుగు పొరపాటు. మోతాదు రెట్టింపైనచో కాలేయము చెడును. వంటింటి చెంచాలు ఒకదానివలె నొకటి యుండవు. సీసాతో వచ్చిన కొలమూతతోనే కొలువవలెను.

పసిపిల్లల విషయమున రాజీ లేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో కోల్డ్రిఫ్ అను జలుబు మందు త్రాగిన పిల్లలు ఇరువదిమందికి పైగా మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము నూటికి 48.6 పాళ్లున్నట్లు పరీక్షలో తేలినది. 0.1 పాలుకు మించి ఉండరాదు. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఆ అక్టోబరులోనే ఎస్.ఆర్.-13 బ్యాచ్ సీసాలను వాడవద్దని హెచ్చరించినది. సీసాపై బ్యాచ్ సంఖ్య చెరిగిపోయినవారికిని, పారవేసినవారికిని ఇట్టి హెచ్చరిక ఉపయోగపడదు. కనుక రసీదు తీసుకొనవలెను, మందు ముగియువరకు దానిని దాచవలెను.

విషము లేని మంచి మందైనను పసివారికి తగదు. రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇయ్యరాదనియు, ఐదేండ్లలోపువారికి సాధారణముగా వలదనియు కేంద్ర ఆరోగ్యశాఖ అదే మాసమున సూచించినది. క్లోర్ ఫెనిరమిన్, ఫినైల్ ఎఫ్రిన్ కలిసిన మందును నాలుగేండ్లలోపువారికి వాడరాదని లేబుల్‌పై ముద్రింపవలెనని 2023 డిసెంబరులోనే ఆదేశము వెలువడినది. తల్లిపాలు, గోరువెచ్చని నీరు, ముక్కులో ఉప్పునీటి చుక్కలు చాలును. ఏడాది నిండిన బిడ్డకు కొంచెము తేనె ఇయ్యవచ్చును; నిండకముందు వలదు. ఊపిరి వేగముగా వచ్చుచున్నను, డొక్కలు ఎగురవేయుచున్నను, పాలు త్రాగకున్నను వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు కొనిపోవలెను.

పంచాయతీ సభ్యులు ఈ సంగతిని గ్రామసభలో చెప్పింపవచ్చును. లేబుల్ లేని సీసాలో మందు పోసియిచ్చు వారిని, అర్హత లేక పిల్లలకు మందులిచ్చు వారిని మన ఊరివారే గదా యని ఉపేక్షింపరాదు. అనుమానము కలిగిన మందును గూర్చి ఔషధ నియంత్రణ శాఖకు 1800-599-6969 సంఖ్యపై రుసుము లేకుండ తెలుపవచ్చును. రెండు వారములు దాటిన దగ్గుకు మరియొక సీసా కొనుట తగదు. కఫమును క్షయపరీక్షకు పంపవలెను. ఆ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితము.