రేచుకుక్క – దాని జ్ఞాతులు

కోయంబత్తూరునకు దక్షిణమున ఆనమలలును, వాయవ్యమున నీలగిరులును, మధురకు పడమట మేఘమలయును కలవు. ఈ కొండలలో గుంపులుగా తిరుగు ఎఱ్ఱని కుక్క యొకటి యున్నది. తమిళులు దీనిని ‘సెన్నాయ్’ అందురు. ఎఱ్ఱకుక్క యని దాని యర్థము. మన యిండ్ల పిల్లలకును ఆ పేరే తెలియును. తెలుగున దీనికి ‘రేచుకుక్క’ యని చక్కని పేరు కలదు. పెద్దలు ఈ మాటను పిల్లలకు చెప్పిన బాగుండును.

దీని మేను తుప్పువన్నె, తోక నలుపు, చెవులు గుండ్రన. బరువు 12 మొదలు 20 కిలోగ్రాములు. ఇది మొఱుగుటకంటె ఈలవేయుట మిక్కిలి వింత. దట్టమైన అడవిలో చెదరిన గుంపు ఆ యీలచేతనే మరల కూడుకొనును.

ఇది కుక్కయేనా? ఊరకుక్క తోడేలునుండి పుట్టినది. నక్కయు వానికి దగ్గఱి చుట్టమే. రేచుకుక్క శాఖ వీనికంటె ముందుగనే విడిపోయినది. నోరు తెఱచి చూచినచో భేదము తెలియును: ఊరకుక్కకు 42 దంతములు, దీనికి 40 మాత్రమే. క్రింది దవడయందు ఇరుప్రక్కల ఒక్కొక్క దంతము తక్కువ. 1811లో పల్లాసు అను పండితుడు దీనిని శాస్త్రలోకమునకు తెలిపెను. ఆఫ్రికా అడవికుక్కయు గుంపు వేటలో దీనివంటిదే. మన మెట్ట పొలములలో కనబడు గుంటనక్క మాత్రము దూరపు చుట్టము.

రేచుకుక్క పొదలపై మూత్రము విడిచి మృగముల కన్నులు పోగొట్టునని వెనుకటి వేటగాండ్రు చెప్పుకొనెడివారు. అది కట్టుకథ. బ్రతికియుండగనే జింకను చీల్చునను మాట నిజమే, కాని దానిని క్రౌర్యమనుట న్యాయము కాదు. పులివలె గొంతు నొక్కి చంపు బలము ఇంత చిన్న జంతువునకు లేదు. దుప్పి దీనికి మూడు నాలుగింతలు బరువుండును. వేట ముగిసిన పిదప పిల్లలను ముందుగా తిననిత్తురు. గుహవద్ద కాపున్నవానికి పెద్దవి మాంసమును కక్కి పెట్టును. మనుష్యునిపై పడుట మిక్కిలి అరుదు.

ఈ సంగతులు మనకు తెలియుటకు కారకులలో ముఖ్యుడు ఎ.జె.టి. జాన్‌సింగ్. తిరునెల్వేలి ప్రాంతమున పుట్టి, శివకాశి కళాశాలలో పాఠములు చెప్పిన ఈయన 1976 మొదలు 1978 వరకు బందిపూరు అడవిలో కాలినడకన వీనిని వెంబడించెను. 2024లో కాలధర్మము చెందెను. నీలగిరులలో ఇ.ఆర్.సి. డేవిడార్ అను న్యాయవాదియు వీనిని శ్రద్ధతో గమనించెను.

అంతకుముందు ఆంగ్లేయుల పాలనలో రేచుకుక్కను చంపినవారికి సర్కారు బహుమానమిచ్చుచుండెను. లేళ్ళను తినివేయునను కోపమే కారణము. తమ తుపాకులకు లేళ్ళు మిగులవని వారి బాధ! 1972 వన్యప్రాణి చట్టము దీనికి రక్షణ కల్పించినది. అయినను నష్టము తీరలేదు. 2015 నాటి అంచనా ప్రకారము ప్రపంచమంతటను పిల్లలు కనగల రేచుకుక్కలు 949 నుండి 2,215 వరకే యున్నవి. ఒకప్పుడు సైబీరియా వఱకు తిరిగిన జాతి యిది. విశాఖపట్టణపు ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలలో దీని సంతతిని పెంచుచున్నారు.

నేటి ప్రమాదము తుపాకి కాదు. అడవులు తునియలగుట, దుప్పులు తఱుగుట, మఱియు మన కుక్కలు. కొండ అడుగున మేకల వెంట పోవు కుక్కకు పిచ్చివ్యాధిగాని డిస్టెంపరుగాని యున్నచో అది అడవి గుంపునకు అంటుకొనును. ఒక గుంపులో పదింటి వఱకు ఒకే నీటి మడుగున త్రాగి, ఒకే కళేబరమును తినును గనుక ఒకదానికి వచ్చినది తక్కినవానికి సోకుటకు అట్టే కాలము పట్టదు. పశువైద్యశాలలో ఆ కుక్కకు పిచ్చివ్యాధికిని డిస్టెంపరునకును తగిన సూది మందులు వేర్వేరుగా రెండును వేయించినచో ఈ రోగములకు అడ్డు.