కల్లంలో ఎరుపు, మండపంలో వెలుగు: పాత డీఎస్‌ఎల్‌ఆర్, కొత్త పాకెట్ కెమెరా

ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం. ఇంట్లో ఉన్న పాత పెద్ద కెమెరాను ఉంచుకోవాలా, జేబులో పట్టే కొత్తదాన్ని కొనుక్కోవాలా? మిరప కల్లాల నుంచి, పెళ్లి మండపాల నుంచి, బడుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బాబాయి వాడిన నికాన్ డీ90, 18–105 లెన్సుతో సహా నా దగ్గరికి వచ్చింది. బాగానే పనిచేస్తోంది. దీన్ని అమ్మేసి, పైన డబ్బు వేసి సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 కొనుక్కోమని స్నేహితులు అంటున్నారు. నేను తీసేవి చుట్టాల పెళ్లిళ్లు, పిల్లలు, పొలం ఫొటోలు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మకండి. ఇప్పుడు అమ్మితే మీ చేతికొచ్చేది కొద్ది మొత్తమే. ఆ కెమెరా ఇంకా చేయగలిగిన పని దానికంటే చాలా ఎక్కువ. ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను.

డీ90 2008లో వచ్చింది. వీడియో తీయగలిగిన మొట్టమొదటి డీఎస్‌ఎల్‌ఆర్ అదే. మీరు చెబుతున్న సోనీ 2019 నాటిది. రెండింటికీ మధ్య పదకొండేళ్ల తేడా ఉంది కాబట్టి కొత్తది అన్నిటా పైచేయిగా ఉంటుందని అనుకోవడం సహజం. కానీ డీ90 సెన్సర్ 23.6 × 15.8 మి.మీ., సోనీది 13.2 × 8.8 మి.మీ. వైశాల్యం లెక్కేస్తే పాకెట్ కెమెరా సెన్సర్ డీ90లో మూడో వంతే. ఆ లోటును కొంతవరకు దాని కొత్త సాంకేతికత పూడుస్తుంది.

లెన్సు దగ్గర చాలామంది పొరబడతారు. సోనీ మీద ఎఫ్/2.8–4.5 అని ఉంటుంది. మీ 18–105 మీద ఎఫ్/3.5–5.6 అని ఉంటుంది. చిన్న సంఖ్య కాబట్టి సోనీయే ఎక్కువ వెలుగు పడుతుందనిపిస్తుంది. సెన్సర్ సైజు తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలంటే సోనీ సంఖ్యను దాదాపు 1.8తో హెచ్చవేయాలి. అప్పుడు అది డీ90 మీద ఎఫ్/5–8 లెన్సు పెట్టినదానితో సమానం. అంటే మీ మామూలు కిట్ లెన్సు కూడా మొత్తం మీద రెట్టింపు వెలుగును సెన్సర్‌కు అందిస్తోంది. కొత్త సెన్సర్ నైపుణ్యం వల్ల ఆ తేడా చాలావరకు తగ్గి, రెండూ దాదాపు ఒకే మెట్టు మీద నిలుస్తాయి.

ఇప్పుడు డీ90కి 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు తగిలించండి. అర్ధరాత్రి ముహూర్తం, మండపంలో పసుపు బల్బులు, తలంబ్రాలు పోసే చేతులు ఒక్క క్షణం ఆగవు. అదే దూరం నుంచి సోనీని అంతే జూమ్‌లో పెట్టి తీస్తే, దానికంటే పది రెట్లకు పైగా వెలుగు మీ డీ90 పడుతుంది. షట్టర్ వేగం పెంచుకోవచ్చు, తలంబ్రాల గింజలు గాలిలో విడివిడిగా కనిపిస్తాయి. డీ90 బాడీలోనే ఫోకస్ మోటార్ ఉంది కాబట్టి చవకగా దొరికే పాత 50 మి.మీ. ఎఫ్/1.8డీ లెన్సు కూడా దీని మీద ఆటోఫోకస్ అవుతుంది. పైన ఫ్లాష్ పెట్టుకునే హాట్ షూ డీ90కి ఉంది, ఆ సోనీకి లేదు.

పాకెట్ కెమెరా గెలిచే చోట్లూ ఉన్నాయి. వీడియోలో పోలికే లేదు. డీ90 తీసేది 720పీ, ఒక్కో క్లిప్పు ఐదు నిమిషాలే, తీస్తుండగా ఫోకస్ తనంతట తాను మారదు. సోనీ 4కే తీస్తుంది, మైక్ పెట్టుకునే జాక్ ఉంది. పరుగులు పెట్టే చంటిపిల్లల కళ్లను వెతికి పట్టుకుని ఫోకస్ చేస్తుంది. బరువు 302 గ్రాములే. డీ90 బాడీ, లెన్సు కలిపితే కిలో దాటుతుంది. బ్యాటరీ మాత్రం తిరగబడుతుంది: కంపెనీల కొలత ప్రకారం డీ90 ఒక్క చార్జింగ్‌తో 850 ఫొటోలు, సోనీ సుమారు 260.

కాబట్టి ముందు 50 మి.మీ. లెన్సు కొనండి. ఒక పెళ్లిళ్ల సీజన్ అంతా దానితో తీయండి. ఆ తర్వాత కూడా వీడియో కావాలనిపించినా, బరువు వల్ల కెమెరా బీరువాలోనే ఉండిపోతున్నా, అప్పుడు పాకెట్ కెమెరా తీసుకోండి.

ప్రశ్న: మేం తేజ, బ్యాడిగి రకాలు వేస్తాం. కల్లంలో ఆరబోసిన కాయలను ఫొటో తీస్తే ఎర్రటి ముద్దలా పడుతోంది. కాయ మీద మడతలు, మెరుపు ఏవీ కనిపించవు. ఈ ఫొటోలు కొనుగోలుదారులకు పంపాలి. ఏ కెమెరా అయితే రంగు సరిగ్గా వస్తుంది?
– ఒక రైతు, ప్రత్తిపాడు

జవాబు: ఏ కెమెరాతో తీసినా ఈ ఇబ్బంది వస్తుంది, ఏ కెమెరాతోనైనా సరిచేసుకోవచ్చు. కెమెరా ప్రతి ఫొటోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పాళ్లుగా పడుతుంది. ఎండలో మిరప కల్లం నుంచి వచ్చేది దాదాపు అంతా ఎరుపే. ఆకుపచ్చ, నీలం పాళ్లు ఖాళీగా ఉండటంతో కెమెరా వెలుగు చాల్లేదని ఎక్స్‌పోజర్ పెంచుతుంది. ఎరుపు పాలు అంచుదాకా నిండి పొర్లిపోతుంది. ఒకసారి పొర్లిందంటే తేజ కాయ నునుపు, బ్యాడిగి కాయ ముడతలు ఒకే మచ్చగా కలిసిపోతాయి.

ఫొటో తీశాక తెరమీద హిస్టోగ్రామ్ చూడండి. తెల్లగా ఒక్కటే కనిపించే గ్రాఫు మిమ్మల్ని మోసం చేస్తుంది, మూడు రంగులూ విడిగా చూపేదాన్ని తెరవండి. డీ90లోనూ, కొత్త పాకెట్ కెమెరాల్లోనూ అది ఉంది. ఎరుపు గ్రాఫు కుడి గోడకు గుద్దుకుని ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను −0.7కు, అప్పటికీ తగలుతుంటే −1కి దించండి. కలర్ సెట్టింగ్ ‘వివిడ్’లో ఉంటే ‘న్యూట్రల్’కు మార్చండి. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేయకుండా ‘డేలైట్’లో పెట్టండి. వీలైతే రా ఫైలుగా తీయండి. నడినెత్తి ఎండలో కాకుండా ఉదయం ఎనిమిది లోపు, పక్క నుంచి వెలుగు పడుతున్నప్పుడు తీస్తే ప్రతి కాయా విడిగా తెలుస్తుంది.

ఈ ఒక్క పనిలో కొత్త పాకెట్ కెమెరాకు కొంత లాభం ఉంది. సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో ఎరుపును చూసేది ఒక్కటే. డీ90 12 మెగాపిక్సెళ్లలో 30 లక్షలు, సోనీ 20 మెగాపిక్సెళ్లలో 50 లక్షలు. నిండా ఎరుపే ఉన్న ఫొటోలో ఆ తేడా కాయ అంచుల దగ్గర కనిపిస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌కూ ఒక లాభం ఉంది. 18–105 లెన్సుకు 67 మి.మీ. పోలరైజర్ బిగించి తిప్పితే కాయ మీది తెల్లటి తళుకు తగ్గి అసలు రంగు బయటికొస్తుంది.

ఇంకొక మాట. కాయల పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి. చూసేవారికి వెలుగు ఎలాంటిదో తెలుస్తుంది. తాలు కాయలు ఉంటే వాటినీ విడిగా తీసి పంపండి. ఫొటోలో ఒకటి, టిక్కీ విప్పితే ఒకటి ఉంటే మీ మాట మీద నమ్మకం పోతుంది.

పత్తికి లెక్క తారుమారవుతుంది. విచ్చిన పత్తి చేను నిండా తెలుపే కాబట్టి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుని దూదిని బూడిద రంగులోకి లాగేస్తుంది. అక్కడ +0.7 నుంచి +1 దాకా పెంచండి.

ప్రశ్న: మిర్చి యార్డులో వీడియోలు తీస్తుంటాను. పాకెట్ కెమెరాలో ప్రతి ఫొటోలో ఒకే చోట నల్లటి చుక్కలు వస్తున్నాయి. లెన్సు తుడిచినా పోలేదు. డీఎస్‌ఎల్‌ఆర్‌కు మారితే ఈ బాధ ఉండదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ చుక్కలు సెన్సర్ మీద చేరిన దుమ్ము. పాకెట్ కెమెరా ఆన్ చేసినప్పుడు, జూమ్ చేసినప్పుడు లెన్సు గొట్టం ముందుకీ వెనక్కీ కదులుతూ బయటి గాలిని లోపలికి లాగుతుంది. టిక్కీలు దింపేచోట, కాయలు కుమ్మరించేచోట ఆ గాలి నిండా సన్నటి మిరప పొడి. లోపలికి పోయిన దుమ్మును మనం తీయలేం, సర్వీసు సెంటర్‌లో విప్పించాల్సిందే.

డీఎస్‌ఎల్‌ఆర్‌లోనూ దుమ్ము చేరుతుంది. తేడా ఏమిటంటే దాన్ని మీరే తీసుకోగలరు. చాలా మోడళ్లలో సెన్సర్‌ను కంపింపజేసి దులిపే ఏర్పాటు ఉంది. దానికీ పోకపోతే మెనూలో అద్దం పైకెత్తే ఆప్షన్ పెట్టి, కెమెరాను బోర్లించి పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో ఊదవచ్చు. నోటితో ఊదకూడదు, తుంపర పడితే మరక అంటుకుపోతుంది.

యార్డులో పాటించాల్సినవి చెబుతాను. లెన్సు ఇంటి దగ్గరే బిగించుకుని వెళ్లండి, అక్కడ మార్చవద్దు. పాకెట్ కెమెరా అయితే జూమ్‌ను ఒకచోట ఉంచి మీరే ముందుకూ వెనక్కూ నడవండి. కాయలు పట్టుకున్న చేతితో వ్యూఫైండర్ రబ్బరును ముట్టుకోవద్దు. ఆ ఘాటు నేరుగా కంట్లోకి వెళ్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో 4కే వీడియో ఏకబిగిన తీస్తే చిన్న కెమెరా వేడెక్కి ఆగిపోవచ్చు. నీడలో నిలబడి చిన్న చిన్న ముక్కలుగా తీయండి.

ప్రశ్న: నా ఫోన్ 108 మెగాపిక్సెళ్లు. మా అన్నయ్య పెళ్లి ఆల్బమ్‌కు 12 మెగాపిక్సెళ్ల పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటోలు సరిపోతాయా?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: సరిపోతాయమ్మా. డీ90 ఫొటో 4288 × 2848 పిక్సెళ్లు ఉంటుంది. మన దగ్గర పెళ్లి ఆల్బమ్‌లకు ఎక్కువగా వాడే 12 × 36 సైజులో ఒక పేజీ 12 × 18 అంగుళాలు. ఆ పేజీ నిండా ఒకే ఫొటో వేసినా అంగుళానికి దాదాపు 238 పిక్సెళ్లు వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కు అది చక్కగా సరిపోతుంది. రెండు పేజీల మీద పరిచే ఫొటోను మాత్రం కత్తిరించే అవసరం లేకుండా తీసేటప్పుడే సరిగ్గా కూర్చుకోవాలి. ఫోన్లు వందకు పైగా మెగాపిక్సెళ్లు అని చెప్పినా మామూలుగా పక్కపక్క పిక్సెళ్లను కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోగానే దాచుతాయి.

ప్రశ్న: ఉప్పలపాడు పక్షుల కేంద్రానికి తరచూ వెళ్తాం. గూడబాతుల ఫొటోలకు పాకెట్ కెమెరా జూమ్ చాలుతుందా? ఉండవల్లి గుహల్లోపల ఏది మేలు?
– దంపతులు, మంగళగిరి

జవాబు: ఉప్పలపాడులో పెద్ద లెన్సే మేలు. చెరువు మధ్య చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి, మనం నిలబడేది గట్టు మీద. సోనీ పాకెట్ కెమెరా జూమ్ 200 మి.మీ.కు సమానం. ఏ పాత నికాన్ డీఎక్స్ బాడీ మీదైనా 70–300 లెన్సు పెడితే 450 మి.మీ.కు సమానమవుతుంది. ఎగిరే పక్షి వెంట తిప్పడానికి అద్దం వ్యూఫైండర్ కంటికి హాయిగా ఉంటుంది. గూళ్లలో పిల్లలున్న రోజుల్లో ఫ్లాష్ వాడవద్దు, చప్పట్లు కొట్టి ఎగరగొట్టి ఫొటో తీయవద్దు. తల్లి లేచిపోతే ఎండ దెబ్బ తగిలేది పిల్లకే.

ఉండవల్లిలో రెండూ పనికొస్తాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి కావాలి. కాబట్టి పడుకున్న అనంతపద్మనాభుణ్ని చేత్తో పట్టుకునే తీయాలి. విగ్రహం కదలదు గనుక షట్టర్ వేగం తగ్గించి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి. వణుకు తగ్గించే ఏర్పాటు ఆ 18–105 లెన్సులోనూ, ఆ సోనీలోనూ ఉంది.

ప్రశ్న: మా జిల్లా పరిషత్ బడి పిల్లల కోసం పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి? పిల్లలకు కొత్త పాకెట్ కెమెరా అయితే తేలిక కదా?
– ఒక ఉపాధ్యాయుడు, అద్దంకి

జవాబు: మాస్టారూ, నేర్పడానికి పాత డీఎస్‌ఎల్‌ఆరే మంచిది. లెన్సు విప్పి చూపించవచ్చు. అపర్చర్ రెక్కలు మూసుకుంటుంటే, అద్దం పైకి లేస్తుంటే పిల్లలు కళ్లారా చూస్తారు. భౌతికశాస్త్రంలో కటకాల పాఠం వాళ్ల చేతుల్లోకి వస్తుంది.

కొనేముందు లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, కోస్తా తేమలో బాగా పెరుగుతుంది. ఆ లెన్సు వద్దు. ఎఫ్/16లో ఆకాశాన్ని తీసి మచ్చలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. నికాన్ అయితే ఒక ఫొటోను మార్చకుండా కంప్యూటర్‌లో పెట్టి దానిలోని వివరాల్లో షట్టర్ లెక్క చూడవచ్చు. డీ90 షట్టర్‌ను లక్ష సార్లకు పరీక్షించారు. యాభై వేల లోపున్నది వెతకండి. డీ3100, డీ5100 లాంటి మోడళ్లలో ఫోకస్ మోటార్ ఉండదు, వాటికి ఏఎఫ్–ఎస్ లెన్సులే కొనాలి. డీ90కి 32 జీబీకి మించిన కార్డు పెట్టవద్దు. కొన్నాక సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో దాచండి.

మొదటి పాఠంగా ఆటో మోడ్ తీసేయించండి. ఒకే మిరప మొక్కను ఎఫ్/3.5లో ఒకసారి, ఎఫ్/11లో ఒకసారి తీయమనండి. రెండు ఫొటోలూ ప్రింటు వేయించి గోడకు అంటించి, తేడా ఎందుకొచ్చిందో పిల్లల చేతనే చెప్పించండి. ఆ తర్వాత ఒక్కొక్కరినీ వాళ్ల ఊరి కల్లం, వాళ్ల అమ్మ పత్తి తీసే చేను తీసుకురమ్మనండి. మన పొలాల్లో పనిచేసేవాళ్ల ఫొటోలు మన పిల్లలే తీయాలి. అందుకు పనికొచ్చే కెమెరాలు ఎన్నో ఇళ్లలో, ఎన్నో బీరువాల్లో ఊరికే పడి ఉన్నాయి. అవి ఎవరి దగ్గరున్నా దయచేసి దగ్గర్లోని బడికి ఇవ్వండి.