గొలుసుకూ గొలుసుకూ వంతెన: బ్లాక్‌చెయిన్‌లను కలపడం ఎలా?



ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపితే క్షణాల్లో చేరుతోంది. రెండు బ్యాంకుల లెక్కల పుస్తకాలు వేరైనా ఇబ్బంది రాదు. మధ్యలో లెక్క సరిచూసే సంస్థలున్నాయి, అందరి మీదా రిజర్వు బ్యాంకు ఉంది. అసలు పెద్దమనిషే అక్కరలేదంటూ పుట్టిన బ్లాక్‌చెయిన్‌లు ఒకదానితో ఒకటి ఎలా ఇచ్చిపుచ్చుకోవాలి? ఈ వ్యాసంలో మనం తెలుసుకోబోయేది ఇదే.

బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటి?

ఒకే లెక్కల పుస్తకం వేల కంప్యూటర్లలో ఉంటుంది. కొత్త పద్దు రాయాలంటే నిర్ణీత నియమాల ప్రకారం ఆ కంప్యూటర్లు ఒప్పుకోవాలి. 2008లో సతోషి నకమోటో అనే పేరుతో వెలువడిన పత్రం దీనికి పునాది. 2009 జనవరిలో బిట్‌కాయిన్, 2015 జూలైలో ఎథీరియం మొదలయ్యాయి. ఎథీరియంలో షరతులనే ప్రోగ్రాముగా రాసి పెట్టవచ్చు. దానినే స్మార్ట్ కాంట్రాక్టు అంటారు. వీటి ఆధారంగా బ్యాంకు లేకుండానే అప్పులు, వడ్డీలు, మార్పిడులు నడిపే పద్ధతికి వికేంద్రీకృత ఆర్థిక వ్యవస్థ, పొట్టిగా డీఫై అని పేరు.

చిక్కు ఎక్కడంటే, ఒక గొలుసుకు మరో గొలుసులో ఏం జరిగిందో తనంతట తానుగా తెలియదు. ఒక హాస్టల్ హాజరు పట్టీ చూసి పక్క హాస్టల్‌లో ఎవరున్నారో చెప్పలేం కదా! బిట్‌కాయిన్ ఉన్నవాడు ఎథీరియంలో దానిని తాకట్టు పెట్టి అప్పు తీసుకోవాలంటే మధ్యలో వంతెన కావాలి.

మూడు దారులు

మొదటిది, తాళం వేసి రసీదు ఇవ్వడం. రైతు ధాన్యం గోదాములో పెట్టి రసీదు తీసుకుంటాడు. ఆ రసీదు మీద అప్పు పుడుతుంది. రసీదు వెనక్కిస్తే ధాన్యం వస్తుంది. ఇక్కడా అంతే. అసలు నాణేన్ని ఒక గొలుసులో బంధించి, దానికి సమానమైన టోకెన్‌ను రెండో గొలుసులో పుట్టిస్తారు. 2019 జనవరిలో వచ్చిన ర్యాప్డ్ బిట్‌కాయిన్ ఇలాంటిదే. అసలు బిట్‌కాయిన్లను మొదట బిట్‌గో అనే సంస్థ భద్రపరిచింది. అంటే పెద్దమనిషి అక్కరలేదన్న చోటే గోదాము యజమాని మళ్ళీ వచ్చాడు.

రెండవది, రహస్యపు మార్పిడి. రవి దగ్గర బిట్‌కాయిన్, సల్మా దగ్గర ఈథర్ ఉన్నాయనుకుందాం. రవి ఒక రహస్య సంఖ్య ఎంచుకుని, గణిత సూత్రంతో దాని హాష్ కడతాడు. హాష్ చూసి రహస్యం కనిపెట్టడం ఆచరణలో అసాధ్యం. రహస్యం చెప్పినవారికే దక్కేలా రవి తన బిట్‌కాయిన్‌ను సల్మా పేరున, సల్మా తన ఈథర్‌ను రవి పేరున అదే హాష్‌తో బంధిస్తారు. రవి ఈథర్ తీసుకోవాలంటే రహస్యం బయటపెట్టక తప్పదు. దానిని చూసి సల్మా బిట్‌కాయిన్ తీసుకుంటుంది. గడువు దాటితే ఎవరిది వారికే తిరిగి వస్తుంది. రహస్యం తెలిశాక సల్మాకు సమయం మిగలాలి కాబట్టి ఆమె పెట్టే గడువు రవి గడువు కంటే తక్కువగా ఉండాలి. దీనికి అటామిక్ స్వాప్ అని పేరు. 2013లోనే ఈ ఆలోచన వచ్చింది. మూడో మనిషి అక్కరలేదు కానీ సరిజోడి దొరకాలి, ఇద్దరూ గడువులోగా స్పందించాలి.

మూడవది, ఒక గొలుసు మరో గొలుసు బ్లాకుల సారాంశాన్ని తన దగ్గర ఉంచుకుని రుజువులు తానే తనిఖీ చేయడం. కాస్మోస్ గొలుసుల మధ్య 2021లో వాడుకలోకి వచ్చిన ఐబీసీ ఈ తరహాది. మధ్యలో సందేశం మోసేవాడు పోస్ట్‌మ్యాన్ వంటివాడు. ఉత్తరం ఆలస్యం చేయగలడు గానీ దొంగ ఉత్తరం సృష్టించలేడు. అయితే కొన్ని గొలుసుల మీద ఈ తనిఖీకి ఖర్చు ఎక్కువ.

వంతెనలు కూలిన చోట

2022 మార్చిలో ఆక్సీ ఇన్ఫినిటీ ఆటకు చెందిన రోనిన్ వంతెన నుంచి 1,73,600 ఈథర్లు, 2 కోట్ల 55 లక్షల యూఎస్‌డీసీ దొంగలు తీసుకుపోయారు. వాటి విలువ 60 కోట్ల డాలర్లకు పైమాటే. ఆ వంతెనకు 9 తాళంచెవులు. ఏ 5 కలిసినా తెరుచుకుంటుంది. అందులో 4 ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. అవి చిక్కాక, ఎప్పుడో ఇచ్చి రద్దు చేయని ఒక అనుమతి ద్వారా ఐదవది దొరికింది. దొంగతనం సంగతి 6 రోజుల వరకు బయటపడలేదు. ఇది ఉత్తర కొరియా లాజరస్ ముఠా పని అని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో వార్మ్‌హోల్ వంతెనలో సంతకం తనిఖీ చేసే చోట లోపం వల్ల, అసలు బంధించకుండానే 1,20,000 ఈథర్లకు రసీదులు పుట్టాయి. ధాన్యం లేని గోదాము రసీదుల వంటివన్నమాట. ఆగస్టులో నోమాడ్ వంతెన తప్పుడు రుజువును కూడా సరైనదిగా అంగీకరించింది. మొదటి దొంగ పంపిన లావాదేవీని చూసి, అందులో చిరునామా మాత్రం మార్చి అనేకమంది దోచుకున్నారు. సుమారు 19 కోట్ల డాలర్లు పోయాయి.

ఈ మూడు చోట్లా గొలుసులు తెగలేదు. వాటిని కలిపిన ముడి ఊడింది. ఎథీరియం రూపకర్త విటాలిక్ బుటెరిన్ 2022 జనవరిలో ఇంకో ప్రమాదం చెప్పారు. ఒక గొలుసు మీద దాడి జరిగి పాత పద్దులు చెరిగిపోతే, వాటిని నమ్మి మరో గొలుసులో పుట్టిన రసీదులకు విలువ ఉండదు.

మనకెందుకు?

మన ఇళ్ళలో చాలామందికి మనమే తొలి చదువరులం. ఊళ్ళోకి ఎవరైనా కాయిన్ల స్కీము తెచ్చి నెలకింత వస్తుందంటే, “చదువుకున్నావు కదా, కట్టమంటావా?” అని అమ్మానాన్నలు అడిగేది మనల్నే. కూలి డబ్బులతో కూడబెట్టిన సొమ్ము మన జవాబు మీద ఆధారపడి ఉంటుంది. అందుకే కొన్ని సంగతులు గుర్తుంచుకుందాం. బ్యాంకు మునిగితే 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంది. వంతెన కూలితే ఆ బీమా వర్తించదు. మన దేశంలో క్రిప్టో చట్టబద్ధమైన కరెన్సీ కాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి దాని లాభం మీద 30 శాతం పన్ను విధించారు. పన్ను వేశారంటే ప్రభుత్వం హామీ ఇచ్చిందని అర్థం కాదు.

ఎవరు ఏ వంతెన గురించి చెప్పినా ఈ ప్రశ్నలు అడగండి. తాళంచెవులు ఎన్ని, ఎవరెవరి దగ్గర ఉన్నాయి? రసీదులకు సరిపడా అసలు ఉందో లేదో ఎవరైనా చూడవచ్చా? తేడా వస్తే ఎంతసేపట్లో తెలుస్తుంది? నష్టం ఎవరు భరిస్తారు? సమాధానం సూటిగా రాకపోతే డబ్బు కట్టవద్దని ఇంట్లో ధైర్యంగా చెప్పండి.

డబ్బు పెట్టకపోయినా ఈ విద్య నేర్చుకోవచ్చు. హాష్, డిజిటల్ సంతకం, సంభావ్యత దీనికి మెట్లు. ఇంటర్‌లో గణితం చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. రేపటి వంతెనలను గట్టిగా కట్టే ఇంజనీర్లు మన హాస్టల్ నుంచి కూడా రావాలని కోరుకుంటున్నాం.