ఆమెను అడిగారా?

సమస్య

మాది ఒంగోలు దగ్గర పల్లె. పదేళ్లుగా అమెరికాలో ఉంటున్నాం. టెక్సాస్‌లో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద చిప్ డిజైన్ ఇంజనీరుగా చేస్తున్నాను. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఏళ్లు దాటింది. ఫాల్గుణంలో చెల్లెలి పెళ్లికి ఒక్కణ్ణే వచ్చాను. పాస్‌పోర్టులో పాత వీసా స్టాంపు గడువు తీరిపోయింది కాబట్టి తిరిగి వెళ్లాలంటే స్టాంపింగ్ తప్పదు. కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే రెండు మూడు ప్రశ్నలు అడిగి 221(జి) స్లిప్ చేతిలో పెట్టారు. అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అన్నారు. తర్వాత ఈమెయిల్‌లో పెద్ద ప్రశ్నపత్రం వస్తే నింపి పంపాను. శ్రావణం వచ్చింది, జవాబు మాత్రం లేదు. వెబ్‌సైట్‌లో 'రిఫ్యూజ్డ్' అనే కనబడుతోంది. రాత్రిళ్లు లేచి లేచి చూస్తున్నాను.

కంపెనీ కొన్నాళ్లు ఇక్కణ్ణుంచే పని చెయ్యనిచ్చి, ఇప్పుడు జీతం లేని సెలవులో పెట్టింది. అక్కడ నా భార్య, నా వీసాపై ఆధారపడిన హెచ్-4 మీద ఉద్యోగం చేసుకుంటూ ఐదేళ్ల పాపను చూసుకుంటోంది. తన స్టాంపు గడువు కూడా అయిపోయింది. ఇక్కడికొస్తే తనూ ఇరుక్కుంటుంది. పాప కిండర్‌గార్టెన్‌లో చేరిన రోజు నేను లేను. 'ఎప్పుడొస్తావు డాడీ' అంటే 'వచ్చే వారం' అంటూ వస్తున్నాను.

'ఇంకా వెళ్లలేదా అబ్బాయ్' అన్న మాట వినలేక బయటికి రావడం మానేశాను. ఉద్యోగం పోయుంటుందని చెల్లెలి అత్తవారింట్లో మా బాబాయే అన్నాడట. అమ్మ నా వీసా కోసం చిలుకూరు గుడిలో ప్రదక్షిణలు చేసి వచ్చింది. మామగారు 'వచ్చెయ్యండి, ఇక్కడే ఏదో ఒకటి చూసుకుందాం' అంటున్నారు. ఒక కన్సల్టెన్సీ ఆయన మూడు లక్షలిస్తే ఫైలు కదిలిస్తానంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక ఆఫర్ ఉంది, జీతం అక్కడి దాంట్లో పావు వంతు కూడా రాదు. నెలాఖరులోగా చెప్పాలి. అక్కడ ఇంటి లోను కడుతున్నాం. ఒప్పుకోమంటారా?

- ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

సలహా

ముందు ఆ కన్సల్టెన్సీ సంగతి తేల్చేద్దాం. ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వకండి. మీ ఫైలు ఇప్పుడున్నది వాషింగ్టన్‌తో ముడిపడిన భద్రతా తనిఖీలో. హైదరాబాద్ అమీర్‌పేటలో కూర్చుని దాన్ని కదిలించగలిగినవాళ్లు లేరు. ఇలా నలిగిపోతున్న కుటుంబాల దగ్గర డబ్బు గుంజేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

'రిఫ్యూజ్డ్' అన్న మాట చూసి బెంబేలు పడకండి. అమెరికా చట్టం ప్రకారం 221(జి) కింద ఆపిన దరఖాస్తు, తనిఖీ నడుస్తున్నంత కాలం, తిరస్కరణ లెక్కలోనే ఉంటుంది. అందుకే అలా చూపిస్తారు. తనిఖీ పూర్తయ్యాక వీసా వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. అయితే ఇకముందు ఏ వీసా ఫారంలో అడిగినా ఈ సంగతి దాచకుండా రాయాలి. మీ పని చిప్ డిజైన్ కాబట్టి సున్నితమైన సాంకేతికతల జాబితా వల్ల ఆగి ఉండవచ్చు, పేరు కలవడం వల్లా ఆగి ఉండవచ్చు. కారణం వాళ్లు చెప్పరు. మీరు నింపిన ప్రశ్నపత్రం డీఎస్-5535 ఫారం అయితే, అందులో పదిహేనేళ్ల ప్రయాణాలు, చిరునామాలు, ఉద్యోగాలు, ఐదేళ్ల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, సోషల్ మీడియా ఖాతాలు అడుగుతారు. పంపిన ప్రతిని ఒకసారి తీసి చూసుకోండి. ఏదైనా వదిలేసి ఉంటే లాయరు ద్వారా సరిచేయించండి. 2025 డిసెంబరు నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలనూ పరిశీలిస్తున్నారు, వాటిని పబ్లిక్‌లో పెట్టమన్నారు. మీవి అలా ఉన్నాయో లేదో చూసుకోండి. ఇక అర్ధరాత్రి వెబ్‌సైట్ చూడటం వల్ల ఫైలు కదలదు, మీ నిద్ర పోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో బాబాయి అన్న మాట ఉంది, మామగారి మాట ఉంది, అమ్మ మొక్కు ఉంది, పాప ప్రశ్న కూడా ఉంది. మీ భార్య ఏమనుకుంటోందో ఒక్క వాక్యం లేదు. ఆవిడ ఏం చేస్తోందో రాశారు, ఏం కోరుకుంటోందో రాయలేదు. బహుశా అడిగి ఉండరు. అడిగితే ఏడుస్తుందని మీకు భయం, చెబితే మీరు కుంగిపోతారని ఆవిడకు భయం. మీ వీసాను ఆపింది అధికారులు. మీ ఇద్దరి మధ్య మాట ఆగిపోవడానికి వాళ్లు కారణం కాదు. హైదరాబాద్ ఆఫర్‌కి ఔననాలా కాదనాలా అన్నది నేను చెప్పవలసిన మాట కాదండీ. అక్కడ ఆఫీసు, బడి, వంట, జ్వరాలు, లోను అన్నీ ఒంటిచేత్తో లాగుతున్న మనిషి చెప్పవలసిన మాట.

మామగారు పిలిచారని గానీ, ఊళ్లో తలెత్తుకోలేక గానీ ఒప్పుకోకండి. మీరు రాజీనామా చేసి, కంపెనీ పిటిషన్ వెనక్కి తీసుకుంటే ఆవిడ హెచ్-4 హోదాకూ వర్క్ పర్మిట్‌కూ ఆధారం ఉండదు. ఇక్కడ మీరు పెట్టే సంతకంతో అక్కడ ఆవిడ ఉద్యోగం పోవచ్చు. అందుకే ముందు ఇద్దరూ కలిసి ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి, మీ తరఫున చూసే లాయరుతో. కంపెనీ లాయరు కంపెనీ మేలు చూస్తాడు. ఐ-140 అప్రూవ్ అయి ఉంది కాబట్టి, మోసం వంటి ఆరోపణ ఏదీ లేకపోతే, కంపెనీ తప్పుకున్నా గ్రీన్‌కార్డు వరుసలో మీ ప్రయారిటీ డేట్ నిలుస్తుంది. అది ధైర్యం ఇచ్చే సంగతే. ఫెడరల్ కోర్టులో మాండమస్ దావా వేసే దారి కూడా ఉంది. కోర్టు వీసా ఇమ్మనదు, ఏదో ఒక నిర్ణయం తీసుకొమ్మని మాత్రమే చెప్పగలదు. ఖర్చుతో కూడిన పని. ఎంత ఆలస్యమైతే దావా నిలబడుతుందో లాయరు చెప్పాలి.

మరొకటి. ఇక్కణ్ణుంచి పనిచేసిన నెలల జీతానికి ఇక్కడ పన్ను పడవచ్చు. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు లేదా అంతకు మించి ఇక్కడ ఉంటే పన్ను లెక్కలో మీరు రెసిడెంట్ కింద లెక్క. ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవండి.

పాప విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. 'వచ్చే వారం' అనడం ఈ రోజుతో మానండి. ఐదేళ్ల పిల్లకు వారం అంటే ఎంతో తెలుసు, అది ఎన్నిసార్లు వచ్చి పోయిందో కూడా తెలుసు. 'నాన్న కాగితం ఒక ఆఫీసులో ఉంది, ఎప్పుడిస్తారో నాన్నకీ తెలియదు, ఇవ్వగానే బయల్దేరతాను' అని చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి, మీరూ ఫోను పెట్టేయకండి. ఇప్పుడు మనకు ఉదయం ఆరున్నర అంటే అక్కడ రాత్రి ఎనిమిది, పాప పడుకునే వేళ. రోజూ ఆ వేళకి కథ చెప్పండి. ఆ అరగంట అక్కడ మీ భార్యకు కాస్త ఊపిరి తీసుకునే సమయం కూడా.

బాబాయి గారికైనా చెల్లెలి అత్తవారికైనా 'జీతం లేని సెలవు, తనిఖీలో ఆగింది' అని ఉన్నదున్నట్టు మీరే చెప్పేయండి. దాస్తున్నంత కాలం వాళ్లే కథ అల్లుతారు.

ఆవిడతో మాట్లాడేటప్పుడు ఒక తేదీ అనుకోండి. లోను కట్టడానికి చేతిలో ఉన్న డబ్బు ఎన్నాళ్లొస్తుందో లెక్కేసి, ఆ తేదీ దాకా ఎదురుచూపు, ఆ తర్వాత ఏమిటన్నది ఇద్దరూ రాసుకోండి. హైదరాబాద్ వాళ్లను గడువు పెంచమని అడగండి. మర్యాదగా అడిగితే తప్పులేదు. అలాగే ఆవిడ పేరు మీద సొంతంగా హెచ్-1బి ప్రయత్నించే వీలుందేమో తన కంపెనీని అడగమనండి. కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల రుసుము, అమెరికాలోనే ఉండి హోదా మార్చుకునేవాళ్లకు వర్తించదని ఆ అక్టోబరులో అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ స్పష్టం చేసింది. మీ కోసం వేరే కంపెనీ కొత్తగా పిటిషన్ వేస్తే మాత్రం ఆ రుసుము అడ్డం రావచ్చు, కాబట్టి అలాంటిదానికి తొందరపడి ఒప్పుకోకండి. ఆవిడ హెచ్-1బికి రిజిస్ట్రేషన్ మార్చిలో ఉంటుంది. కంపెనీలు అంతకు ముందే పేర్లు ఖాయం చేస్తాయి, కాబట్టి ఈ మాట ఇప్పుడే అడగాలి.