పూతరేకు ప్రయాణం

పాఠ్యభాగ పరిచయం

స్వగృహంలో పదార్థాన్ని తయారుచేసే చిన్న ఉత్పత్తిదారు ఆహారోత్సవాలకు, వాణిజ్య ప్రదర్శనలకు వెళ్లినపుడు ఎదురయ్యే లాభనష్టాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠం

కోనసీమలోని ఆత్రేయపురం పూతరేకులకు పేరొందిన ఊరు. పూత అంటే పలుచగా పూసినది. రేకు అంటే పొర. పేరులోనే తయారీ విధానం ఇమిడి ఉంది. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పలుచని పిండిలో ముంచిన గుడ్డను వేడెక్కిన బోర్లించిన కుండపై పరచి తీస్తారు. క్షణకాలంలో కాగితం కంటె పలుచని పొర ఏర్పడుతుంది. దానిలో నెయ్యి, చక్కెర లేదా బెల్లపు పొడి చేర్చి మడతపెడతారు. ఈ పనిలో స్త్రీల హస్తలాఘవమే ప్రధానం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది.

అయితే గుర్తింపు వచ్చినంతమాత్రాన సరుకు తానై అమ్ముడుపోదు. కొనేవారి వద్దకు దానిని చేర్చాలి. పూర్వం ఆ పనిని సంతలు, తిరునాళ్లు నిర్వహించాయి. నేడు ప్రదర్శనలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. హైదరాబాదులోని నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభమైంది. తరువాత నాంపల్లికి మారి, సాధారణంగా ఏటా జనవరి 1న మొదలవుతూ వస్తోంది. ఢిల్లీ ప్రగతి మైదానంలో నవంబరులో జరిగే అంతర్జాతీయ వాణిజ్య ప్రదర్శన మరొకటి. గ్రామీణ స్వయంసహాయక సంఘాల ఉత్పత్తులకు ‘సరస్’ మేళాలు వేదికలు. ఢిల్లీలోని ‘ఆహార్’ వంటివి ప్రధానంగా ఆహార, ఆతిథ్య రంగాల వ్యాపారులకు ఉద్దేశించినవి. మొదటి రకంలో తినేవాడు కొంటాడు; రెండవ రకంలో అమ్మేవాడు కొంటాడు. ఈ భేదాన్ని గ్రహించకుండా బయలుదేరినవారు నష్టపోతారు.

ఒక తయారీదారు 200 పెట్టెల పూతరేకులతో ఒక ప్రదర్శనకు వెళ్లిందనుకొందాం. ప్రయాణంలోనే మొదటి పరీక్ష ఎదురవుతుంది. పూతరేకు అదుముకు విరుగుతుంది, తేమకు మెత్తబడుతుంది. కనుక గట్టి పెట్టెలు కావాలి. పెట్టెపై ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల సంఖ్య, తయారీ తేదీ, పదార్థాల పట్టిక ఉండాలి. ఇవి లేని సరుకును తెలిసిన ఊరివారు కొనవచ్చును గాని, తెలియని నగరవాసి ఎందుకు నమ్మాలి?

అంగడి తెరచిన తరువాత రుచి చూసేవారు ఎక్కువ, కొనేవారు తక్కువ. 150 పెట్టెలు అమ్ముడుపోయాయి. పెట్టెకు 40 రూపాయల చొప్పున 6,000 రూపాయలు మిగిలాయి. అంగడి అద్దె, ప్రయాణం, బస కలిపి 7,000 అయ్యాయి. మిగిలిన 50 పెట్టెల సంగతి అటుంచినా, లెక్కలో 1,000 రూపాయల నష్టం!

చివరి రోజున ఒక టోకు వర్తకుడు వచ్చాడు. “అమ్మా! నెలకు 500 పెట్టెలు తీసుకొంటాను. నెయ్యి మానివేసి వనస్పతి వాడి ధర తగ్గించండి. పెట్టెపై మీ ఊరి పేరు మాత్రం ఉంచండి” అన్నాడు.

నష్టంలో ఉన్న మనిషికి అది చిన్న ప్రలోభం కాదు. ఆమె ఆలోచించి, “అయ్యా! ఊరి పేరు నా ఒక్కదాని సొత్తు కాదు. నెయ్యి మానలేను. చిన్న పెట్టెలు కట్టి, ధర మీకు అందుబాటులోకి తేగలను” అన్నది. అతడు ఆలోచించి చెబుతానని వెళ్లిపోయాడు.

ఆమె ఓడిపోయిందా? భౌగోళిక గుర్తింపు అంటే ఒక ఊరి పనివారందరికీ చెందిన ఉమ్మడి ఆస్తి. ఒకరు కల్తీ చేస్తే అందరి పొయ్యిలూ చల్లారుతాయి. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, ఓడ చెడిన వర్తకుల సొమ్మును రాజు హరించడని హామీ ఇచ్చింది. నమ్మకం లేని రేవుకు ఓడ రాదని ఆ ప్రభువుకు తెలుసు. నమ్మకం లేని అంగడికి కొనుగోలుదారు రెండవసారి రాడు.

ఆమె తిరిగి వెళ్లేటప్పుడు 50 పెట్టెలు మిగిలాయి. వాటితోపాటు, మళ్లీ పంపమని 30 మంది వ్రాసి ఇచ్చిన చిరునామాలు కూడా ఉన్నాయి. ప్రదర్శన ఫలితాన్ని చివరి రోజు గల్లాపెట్టెతో కాక, ఆ తరువాత వచ్చే ఉత్తరువులతో లెక్కించాలి.

అర్థాలు

హస్తలాఘవం = చేతి నేర్పు
ప్రలోభం = ఆశ చూపడం
టోకు = మొత్తంగా కొనుట, అమ్ముట
ఉత్తరువు = సరుకు పంపమనే కోరిక
హరించు = అపహరించు

వ్యాకరణం

పేరొందిన = పేరు + ఒందిన : ఉత్వసంధి
లాభనష్టాలు = లాభమును, నష్టమును : ద్వంద్వసమాసం

ప్రశ్నలు

1. పూతరేకుల తయారీ విధానాన్ని వివరించండి.
2. రెండు రకాల ప్రదర్శనలకు గల భేదం ఏమిటి?
3. టోకు వర్తకునికి ఆమె ఇచ్చిన సమాధానం సమంజసమేనా? మీ అభిప్రాయాన్ని సకారణంగా వ్రాయండి.