చండీగఢ్ అధ్యయన యాత్ర: ఒక విద్యార్థి ప్రశ్న

1591లో చార్మినారు కేంద్రంగా నలుదిక్కులకు దారులు తీర్చి కట్టిన హైదరాబాదులో పుట్టి పెరిగిన మన విద్యార్థులకు ప్రణాళికాబద్ధ నగరమనే భావన కొత్తది కాదు. అయినను పల్లెపొలాల నడుమ కాగితంపై గీచిన గీతల ప్రకారం లేచిన ఆధునిక నగరాన్ని కన్నులారా చూడాలనే కోరికతో మా బి.ఏ. విద్యార్థులు చండీగఢ్‌కు అధ్యయన యాత్ర చేశారు. వారి వెంట నేనూ వెళ్ళాను.

1947 దేశవిభజనలో లాహోరు పాకిస్తానుకు చెందగా, భారతదేశంలోని పంజాబుకు రాజధాని లేకపోయింది. శివాలిక్ కొండల పాదాన క్రొత్త నగరం నిర్మించాలని ప్రభుత్వం నిశ్చయించింది. తొలి నమూనాను ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నొవిట్స్కీ రూపొందించారు. 1950లో నొవిట్స్కీ విమాన ప్రమాదంలో మరణించగా, 1951లో ఆ బాధ్యత లె కార్బూజియే చేతికి వచ్చింది. పియరీ జాన్నరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ ఆయనకు తోడ్పడ్డారు. 1953 అక్టోబరు 7న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ నగరాన్ని ప్రారంభించారు.

ఈ నగరానికి మూలఘటకం సెక్టారు. దాని పొడవు 1,200 మీటర్లు, వెడల్పు 800 మీటర్లు. వేగంగా పోయే వాహనాల రహదారులు సెక్టారు చుట్టూ వెలుపలనే సాగిపోతాయి. ఇళ్ళ వాకిళ్ళు వాటివైపు తెరుచుకోవు. లోపల అడ్డంగా అంగళ్ళ వీధి, నిలువునా పచ్చిక బయలు, దానిని ఆనుకొని పాఠశాలలు. పసిబిడ్డ పెద్ద రోడ్డు దాటకుండానే బడికి నడచిపోవాలన్నది ఈ ఏర్పాటులోని ఉద్దేశం.

22వ సెక్టారులో ప్రభుత్వోద్యోగుల గృహాలను గురించి వివరించాను. మంత్రి మొదలు బంట్రోతు వరకు హోదానుబట్టి మొదట 13 తరగతుల ఇళ్ళు నిర్ణయించారనీ, చిట్టచివరి తరగతికి సైతం రెండు గదులు, వంటిల్లు, మరుగుదొడ్డి, చిన్న పెరడు అమర్చారనీ చెప్పాను. మా బృందంలో తాపీమేస్త్రి కుమారుడొకడున్నాడు. అతడు ఇటుక గోడను చేతితో తడిమి, "సార్, ఈ ఇటుకలు పేర్చినవాళ్ళకు ఏ తరగతి ఇల్లు ఇచ్చారండీ?" అని అడిగాడు. నేను వ్రాసి తెచ్చుకొన్న పాఠంలో దానికి సమాధానం లేదు.

ఆ సాయంకాలం సుఖ్నా సరస్సు గట్టున అందరమూ ఆ విషయమే చర్చించుకొన్నాము. కట్టినవారు తాత్కాలికమైన గుడిసెలలో ఉన్నారు. పని ముగియగానే వారు వెళ్ళిపోతారని తలచారు. కాని నగరమన్నది నిర్మాణంతో ముగిసేది కాదు. మరమ్మతుకూ, మోతకూ, ఊడ్పుకూ వారే కావాలి. అందుచేత గుడిసెలు నిలిచిపోయాయి. 5 లక్షల మందికై తలపెట్టిన నగరంలో 2011 నాటికి జనాభా 10 లక్షలు దాటింది. మురికివాడల వారికి చిన్న ఫ్లాట్లు ఇచ్చే పథకం 2006లో వచ్చింది. అప్పటికి నగరానికి అర్ధశతాబ్దం నిండింది.

మరునాడు రాక్ గార్డెన్ చూచాము. నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు అడవిలో అనుమతి లేకుండా, పగిలిన గాజులతో, పింగాణీ ముక్కలతో రహస్యంగా నిర్మించిన తోట అది. అధికారులు దానిని కూల్చివేయక 1976లో ప్రజలకు తెరిచారు. ప్రణాళిక తలచుకొంటే చోటు కల్పించగలదని మా విద్యార్థులు అక్కడ గ్రహించారు.

చండీగఢ్‌ను తక్కువ చేయడం నా అభిమతం కాదు. బిడ్డల నడకను గురించి అంత శ్రద్ధ వహించిన నగరాలు అరుదు. అయితే విద్యార్థులారా, రేపు మీలో కొందరు ఇంజనీర్లు, అధికారులు, పురపాలక సభ్యులు కావచ్చు. మీ ముందుకు ఏ పటం వచ్చినా, అందులో ఉన్నవాటిని మెచ్చుకొన్న తరువాత, అందులో లేనివారెవరని కూడా అడగండి. ఆ ప్రశ్న మాకు నేర్పినవాడు మీ సహాధ్యాయియే.